దుకాణం వైఫై వేరు, వచ్చేవాళ్ల వైఫై వేరు: చిన్న వ్యాపారానికి గెస్ట్ నెట్‌వర్క్ పెట్టుకోవడం ఎలా

నెల్లూరు పొగతోటలో ల్యాబ్ ముందు కుర్చీల్లో కూర్చున్నా, మాగుంట లేఅవుట్‌లో కాఫీ తాగుతున్నా, ఒంగోలు కర్నూలు రోడ్డులో బట్టల కొట్టుకెళ్లినా కాసేపటికి ఒక మాట వినపడుతుంది: "అన్నా, వైఫై పాస్‌వర్డ్ ఏంది?" కౌంటర్‌లో ఉన్నాయన తలెత్తకుండానే చెప్పేస్తాడు. షాపు పేరు, చివర ఒకటీ రెండూ మూడూ. లేకపోతే ఓనరు ఫోన్ నంబరు. అడిగినవాళ్లకల్లా చెప్పలేక కొందరు గోడ మీద రాసి లామినేషన్ కూడా చేయించారు.

నెట్ ఇవ్వడం మంచిదే. కానీ ఆ పాస్‌వర్డ్ కొట్టిన ప్రతి ఫోనూ మీ బిల్లింగ్ కంప్యూటర్, ప్రింటర్, సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టె (డీవీఆర్) ఉన్న నెట్‌వర్క్‌లోకే వస్తుంది. మెస్‌కు వచ్చినవాళ్లను హాల్లో కూర్చోబెట్టి వడ్డిస్తాం గానీ గల్లాపెట్టె దగ్గరికి రానివ్వం కదా. వైఫై దగ్గర మాత్రం ఆ పట్టింపు ఉండదు.

ఒక ల్యాబ్‌లో కళ్లారా చూసిన సంగతి చెబుతాను. పేషెంట్‌తో వచ్చిన కుర్రాడు ఫోన్లో ఏదో ఫొటో తెరిచి షేర్ నొక్కాడు. వచ్చిన వరసలో ప్రింట్ అన్నది తాకితే ల్యాబ్ వాళ్ల లేజర్ ప్రింటర్ మోడల్ నంబరుతో సహా ప్రత్యక్షమైంది. ఇంకోసారి వేలు తగిలుంటే రిపోర్టుల ట్రేలో ఆ ఫొటో వచ్చి పడేది. కుర్రాడి తప్పేం లేదు. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న ప్రింటర్లను వెతికి చూపించడం ఆండ్రాయిడ్ ఫోన్ చేసే మామూలు పనే. ప్రింటర్ కనపడిందంటే డీవీఆర్ కూడా కనపడుతుంది. దాని పాస్‌వర్డ్ కెమెరాలు బిగించినవాళ్లు పెట్టిపోయినదే అయితే ఇక చెప్పేదేముంది.

వచ్చేవాళ్లలో దొంగలుండాలన్న రూలు కూడా లేదు. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుకు కొనుగోలుదారు వచ్చి తన ల్యాప్‌టాప్ తెరిచాడనుకోండి. అందులో వైరస్ ఉన్న సంగతి ఆయనకే తెలియకపోవచ్చు. 2017 మేలో ఫైళ్లకు తాళమేసి డబ్బులడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఒక కంప్యూటర్ నుంచి అదే నెట్‌వర్క్‌లో ఉన్న పక్క కంప్యూటర్లకు తనంతట తానే పాకింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. మీ ఆఫీసులో టాలీ నడిచే కంప్యూటర్ ఎప్పటి విండోసో ఒకసారి గుర్తు చేసుకోండి.

దీనికి మందు గెస్ట్ నెట్‌వర్క్, అంటే మీ సామాను దగ్గరికి దారి లేకుండా వచ్చేవాళ్లకు విడిగా ఇచ్చే వైఫై. పెట్టుకోవడం కష్టం కాదు, చాలామంది పెట్టుకున్నామనే అంటారు కూడా. తీరా చూస్తే వైఫై పేరు ఒక్కటే వేరుగా ఉంటుంది, లోపల అంతా ఒకటే. అందుకే కింద పెట్టుకునే పద్ధతితో పాటు, నిజంగా వేరైందో లేదో పరీక్షించే పద్ధతికి ఎక్కువ చోటు ఇచ్చాను.

1. ఏది ఎటువైపో ముందు కాగితం మీద రాసుకోండి

రౌటర్ జోలికి వెళ్లకముందే దుకాణంలో నెట్‌కు తగిలించినవన్నీ రాయండి. బిల్లింగ్ కంప్యూటర్, బిల్లు ప్రింటర్, హోటల్ అయితే వంటగదిలో ఆర్డర్ చీటీ ప్రింటరు, ఆర్డర్లు తీసుకునే ట్యాబ్, డీవీఆర్, కార్డు గీకే మెషీన్. ఇవన్నీ లోపలి వైపు. యూపీఐ సౌండ్ బాక్సుల్లో ఎక్కువ వాటికి సొంత సిమ్ ఉంటుంది కాబట్టి వాటితో పనిలేదు.

ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల మేత అమ్ముతూ పక్కనే నీళ్లు పరీక్ష చేసే షాపులుంటాయి. రిజల్టు వచ్చేదాకా రైతులు అక్కడే కూర్చుంటారు, ఫోన్లు చూసుకుంటారు. ఆ షాపు కంప్యూటర్లో ఎవరికి ఎంత అరువు ఉందో మొత్తం ఖాతా ఉంటుంది. అలాంటి కంప్యూటర్ లోపలి వైపే ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

ఇబ్బంది వచ్చేది మధ్య రకంతో. పనివాళ్ల సొంత ఫోన్లు ఎటు? నా లెక్కలో గెస్ట్ వైపే. "మనోళ్లే కదా" అని లోపలి పాస్‌వర్డ్ ఇస్తే అది వారంలో ఊరంతా తిరుగుతుంది. ఇవాళ రేపు ఫోన్ నుంచి ఫోన్‌కు క్యూఆర్ చూపించి పాస్‌వర్డ్ పంచుకోవడం క్షణం పని. ఓనరు ఫోన్ కూడా గెస్ట్‌లో ఉండొచ్చు. కెమెరాల యాప్ చాలావరకు కంపెనీ సర్వర్ మీదుగా నడుస్తుంది కాబట్టి బొమ్మ ఎక్కణ్ణుంచైనా వస్తుంది. గోడ మీది స్మార్ట్ టీవీకి నెట్ ఉంటే చాలు, బిల్లింగ్‌తో దానికేం పని? దాన్నీ గెస్ట్‌లోకే తోయండి.

2. మీ బాక్సు ఏ రకమో చూడండి

ఫైబర్ నెట్ తీసుకున్నప్పుడు కంపెనీ వాళ్లు బిగించే తెల్ల బాక్సులో రౌటర్, వైఫై రెండూ ఉంటాయి. దాని సెట్టింగ్స్ పేజీ తెరవాలంటే అదే వైఫైకి కనెక్టయి బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టాలి. చాలా బాక్సులకు 192.168.1.1, కొన్నింటికి 192.168.0.1, జియో ఫైబర్‌కు 192.168.29.1. ఏదీ పనిచేయకపోతే ఫోన్ వైఫై సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్ వివరాలు తెరిస్తే గేట్‌వే అని ఒక నంబరు ఉంటుంది, అదే. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ బాక్సు అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. అవి పనిచేయకపోతే నెట్ కంపెనీ వాళ్లను అడగాలి.

లోపలికి వెళ్లాక వైఫై మెనూలో గెస్ట్ నెట్‌వర్క్ అనే పేరుతో ప్రత్యేకంగా ఒక పేజీ ఉందేమో వెతకండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. కొన్ని బాక్సుల్లో గెస్ట్ పేజీ ఉండదు గానీ ఎస్‌ఎస్‌ఐడీ 1, ఎస్‌ఎస్‌ఐడీ 2, ఎస్‌ఎస్‌ఐడీ 3 అని నాలుగైదు వైఫై పేర్లు పెట్టుకునే వీలుంటుంది. నెట్ లైన్ వేసే అబ్బాయి రెండోది ఆన్ చేసి, "ఇదిగో అన్నా గెస్ట్" అని చెప్పి వెళ్లిపోతాడు. పేరు వేరు, పాస్‌వర్డ్ వేరు. లోపలి సంగతికొస్తే రెండూ కలిసేది ఒకే నెట్‌వర్క్‌లో. రెండో పేరుతో వచ్చిన ఫోన్‌కు మీ ప్రింటర్ మొదటి పేరుతో వచ్చినట్టే కనపడుతుంది.

మీ బాక్సులో అసలైన గెస్ట్ పేజీ ఉంటే మూడో మెట్టుకు వెళ్లండి. లేకపోతే రెండు దారులు. సొంతంగా ఒక రౌటర్ కొనుక్కోవడం మొదటిది. రెండు మూడు వేలలో 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉండి, గెస్ట్ నెట్‌వర్క్ సరిగ్గా పనిచేసేవి దొరుకుతాయి. పెట్టెలో మూలన పడున్న పాత రౌటర్‌తో సర్దుకోవడం రెండోది. అది నాలుగో మెట్టులో చెబుతాను.

అన్నట్టు వైఫై పేరు చివర 5జీ అని కనపడేది 5 గిగాహెర్ట్జ్ వైఫై. మొబైల్ 5జీకీ దానికీ ఏ సంబంధం లేదు. అది వేగంగా ఉంటుంది గానీ గోడలు సరిగ్గా దాటలేదు. 2.4 నెమ్మదిగా ఉన్నా దూరం పోతుంది. గెస్ట్‌లకు రెండూ ఇవ్వండి.

3. గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేయడం

కంప్యూటర్‌ను కేబుల్‌తో రౌటర్‌కు తగిలించి చేయండి. వైఫై మీద చేస్తే పేరు మార్చిన ప్రతిసారీ కనెక్షన్ తెగిపోయి విసుగొస్తుంది.

మొదట రౌటర్ సెట్టింగ్స్ పేజీ పాస్‌వర్డ్ మార్చండి. వైఫై పాస్‌వర్డ్ వేరు, ఇది వేరు. ఇది అడ్మిన్ అనే ఉంటే మిగతా కష్టమంతా వృథా. తర్వాత ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే చేసేయండి. డబ్ల్యూపీఎస్, అంటే పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తో వైఫైకి కలిపే సౌకర్యం, ఆఫ్ చేయండి. రిమోట్ మేనేజ్‌మెంట్ (బయట నుంచి రౌటర్ సెట్టింగ్స్ తెరిచే వీలు) ఆన్‌లో ఉంటే అదీ ఆఫ్.

ఇప్పుడు గెస్ట్ నెట్‌వర్క్ పేజీ. ఆన్ చేసి పేరు పెట్టండి. షాపు పేరు, పక్కన గెస్ట్ అని ఉంటే చాలు. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2 ఎంచుకోండి. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిపి ఉన్న ఆప్షన్ కనపడితే ఇంకా మంచిది. పాత ఫోన్లు రెండుతో వస్తాయి, కొత్తవి మూడుతో వస్తాయి. ఓపెన్ అని, అంటే పాస్‌వర్డ్ లేకుండా మాత్రం వదలొద్దు. ఎందుకో కింద చట్టం దగ్గర చెబుతాను.

అసలు పని రెండు టిక్కుల్లో ఉంది. టీపీ-లింక్ రౌటర్లలో ఒకటి అలౌ గెస్ట్స్ టు సీ ఈచ్ అదర్ అని, రెండోది అలౌ గెస్ట్స్ టు యాక్సెస్ మై లోకల్ నెట్‌వర్క్ అని ఉంటాయి. రెండింటికీ టిక్ ఉండకూడదు. మొదటిది తీసేస్తే ఒక కస్టమర్ ఫోన్‌కు ఇంకో కస్టమర్ ఫోన్ కనపడదు. రెండోది తీసేస్తే మీ సామాను కనపడదు. మిగతా కంపెనీల్లో ఇదే పనికి ఏపీ ఐసోలేషన్, క్లయింట్ ఐసోలేషన్, యాక్సెస్ ఇంట్రానెట్ లాంటి పేర్లుంటాయి. ఐసోలేషన్ అని ఉంటే ఆన్ చేయాలి, యాక్సెస్ లేదా అలౌ అని ఉంటే ఆఫ్ చేయాలి. కంగారులో తిరగేసి పెట్టేవాళ్లు చాలామంది.

ఇంకొకటి: కొన్ని రౌటర్లలో 2.4కు ఒక గెస్ట్ పేజీ, 5కు వేరే గెస్ట్ పేజీ ఉంటాయి. ఒకదాంట్లో సరిగ్గా పెట్టి రెండోది మరిచిపోతే, కొత్త ఫోన్లన్నీ ఆ రెండో దాంట్లోంచే లోపలికి వస్తాయి.

దుకాణం లోపలి వైఫైకి కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. గోడ మీద ఉన్నదాన్ని ఇన్నాళ్లూ ఎంతమంది సేవ్ చేసుకున్నారో లెక్కలేదు. అది మార్చకుండా గెస్ట్ పెడితే వాళ్ల ఫోన్లు తలుపులో అడుగు పెట్టగానే పాతదానికే కనెక్టవుతాయి. లోపలి వైఫై పేరు దాచిపెట్టే ఆప్షన్ ఒకటుంటుంది, దాన్ని నమ్ముకోవద్దు. కావాలనుకున్నవాడికి ఆ పేరు సులభంగానే దొరుకుతుంది.

4. కొత్త రౌటర్, కంపెనీ బాక్సు కలిసినప్పుడు వచ్చే చిక్కు

సొంత రౌటర్ కొన్నవాళ్లు ఈ భాగం నిదానంగా చదవండి. తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే, బయటికి ఏమీ తెలియదు కూడా. నెట్ బ్రహ్మాండంగా వస్తూనే ఉంటుంది.

కంపెనీ బాక్సు నుంచి వచ్చే కేబుల్‌ను కొత్త రౌటర్‌లో బయటి నెట్ వచ్చే వ్యాన్ పోర్టులో పెట్టాలి. మామూలుగా దాని రంగు మిగతావాటికి వేరుగా ఉంటుంది. త్వరగా అయిపోతుందని దుకాణం సామాను తగిలించే ల్యాన్ పోర్టులో పెట్టి, రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (వైఫై మాత్రమే పంచే పద్ధతిలోకి) మార్చి వెళ్లిపోతుంటారు. ఆ మోడ్‌లో చాలా ఇంటి రౌటర్లు గెస్ట్‌ను వేరు చేయలేవు. గెస్ట్ పేరు కనపడుతుంది, పనిచేస్తుంది, కానీ లోపలివన్నీ దానికి కనపడుతూనే ఉంటాయి.

వ్యాన్‌లోనే పెట్టారనుకుందాం. డీవీఆర్ కేబుల్, బిల్లింగ్ కంప్యూటర్ కేబుల్ ఎక్కడున్నాయి? పాత బాక్సు వెనకే ఉండిపోతే పని చెడినట్టే. కొత్త రౌటర్ గెస్ట్‌ను అడ్డుకునేది తన ల్యాన్ వైపు ఉన్నవాటి దగ్గరికి వెళ్లకుండానే. వ్యాన్ వైపు ఉన్నదంతా దాని దృష్టిలో ఇంటర్నెట్టే. కంపెనీ బాక్సుకు తగిలించిన డీవీఆర్ కూడా ఆ ఇంటర్నెట్‌లో భాగమే కాబట్టి గెస్ట్ ఫోన్‌కు నేరుగా దారి ఇచ్చేస్తుంది. కాబట్టి దుకాణం కేబుళ్లన్నీ పీకి కొత్త రౌటర్ ల్యాన్ పోర్టుల్లోకి మార్చాలి. పోర్టులు చాలకపోతే ఐదు పోర్టుల నెట్‌వర్క్ స్విచ్ ఒకటి కొనండి. కంపెనీ బాక్సు వైఫైని పూర్తిగా ఆఫ్ చేయాలి, లేకపోతే పాత పాస్‌వర్డ్‌తో అది ఒక మూల నుంచి నడుస్తూనే ఉంటుంది.

రెండు రౌటర్ల లోపలి అడ్రసులు ఒకటి కాకూడదు. కంపెనీ బాక్సు 192.168.1.1 అయితే మీ రౌటర్‌ను 192.168.10.1కు మార్చండి. కెమెరాలను పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి బయట నుంచి చూసే పాత పద్ధతి ఉంటే ఈ మార్పుతో ఆగిపోతుంది. ఆగిపోనివ్వండి. యాప్‌లో డీవీఆర్ మీది క్యూఆర్ స్కాన్ చేసి చూసే పద్ధతికి మారండి, డీవీఆర్‌ను బయటి ప్రపంచానికి తెరిచి పెట్టడం కంటే అది ఎంతో నయం.

ఇక పాత రౌటర్‌తో సర్దుకునే దారి. దానికి గెస్ట్ ఫీచర్ లేకపోయినా ఫరవాలేదు. దుకాణం సామానంతా ఆ పాత రౌటర్ వెనక పెట్టండి, కస్టమర్లకు కంపెనీ బాక్సు వైఫై ఇవ్వండి. లోపలి రౌటర్ తన వెనక ఉన్నవాటిని బయటి బాక్సు మీదున్న ఫోన్లకు కనపడనివ్వదు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు: దుకాణాన్ని కంపెనీ బాక్సు మీద ఉంచి, కస్టమర్లకు వెనక రౌటర్ ఇస్తారు. అలా చేస్తే ఫలితం సున్నా, వెనక ఉన్న ఫోన్లకు ముందున్నవన్నీ అందుతాయి. ఈ పద్ధతిలో కస్టమర్లు కంపెనీ బాక్సు లాగిన్ పేజీ తెరవగలరు కాబట్టి దాని పాస్‌వర్డ్ తప్పక మార్చాలి. బాక్సులో ఐసోలేషన్ ఆప్షన్ ఉంటే అదీ ఆన్ చేయాలి.

లాడ్జీలు, ఫంక్షన్ హాళ్లు, రెండు మూడు అంతస్తుల ఆసుపత్రులకు ఇవేవీ చాలవు. వీల్యాన్ (ఒకే వైర్ల మీద విడివిడి నెట్‌వర్క్‌లు నడిపే పద్ధతి) ఉన్న రౌటర్, స్విచ్, పైకప్పుకు బిగించే యాక్సెస్ పాయింట్లు కావాలి. ఆ పని తెలిసినవాళ్లకు అప్పగించండి. ఒక్క మాట ముందే అనుకోండి: గెస్ట్, ఆఫీసు, కెమెరాలు మూడూ మూడు వీల్యాన్లలో పెట్టాలని.

5. పరీక్ష

ఒక ఫోన్ తీసుకుని మొబైల్ డేటా ఆపేయండి. ముందు లోపలి వైఫైకి కనెక్టయి ఫింగ్ లాంటి స్కాన్ యాప్‌తో ఒకసారి వెతికించండి. మీ సామానంతా ఐపీ అడ్రసులతో, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కోదానికి ఉండే నంబర్లతో వరసగా వస్తుంది. ప్రింటర్ 192.168.10.20, డీవీఆర్ 192.168.10.30 అన్నట్టు. కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు అదే ఫోన్‌ను గెస్ట్‌కు మార్చి మళ్లీ వెతికించండి. ఆ ఫోన్, రౌటర్ తప్ప ఇంకేమీ రాకూడదు. స్కాన్‌లో రాకపోయినంత మాత్రాన వదిలేయకండి. బ్రౌజర్ తెరిచి డీవీఆర్ అడ్రస్ చేత్తో కొట్టండి. కాసేపు తిరిగి తిరిగి పేజీ రాలేదని చెబితే పాస్. లాగిన్ బొమ్మ వచ్చిందంటే ఫెయిల్. రౌటర్ అడ్రస్ కూడా అలాగే కొట్టి చూడండి. సొంత రౌటర్ పెట్టుకున్నవాళ్లు కంపెనీ బాక్సు అడ్రస్ కూడా కొట్టాలి. అది తెరుచుకుంటే పాస్‌వర్డ్ గట్టిదై ఉండాలి, దాని వెనక మీ రౌటర్‌కు వచ్చే కేబుల్ తప్ప ఇంకొకటి ఉండకూడదు.

తర్వాత ల్యాబ్‌లో కుర్రాడు చేసినట్టే చేయండి. ఒక ఫొటో తెరిచి షేర్, ప్రింట్. మీ ప్రింటర్ పేరు రాకూడదు.

గెస్ట్ ఫోన్‌కు వచ్చిన ఐపీ అడ్రస్ చూసి తీర్పు చెప్పొద్దు. కొన్ని రౌటర్లు గెస్ట్‌లకు లోపలి వరసలోనే నంబర్లిచ్చి మధ్యలో అడ్డుగోడ పెడతాయి. కొన్ని వేరే వరస ఇచ్చి అడ్డుగోడ మరిచిపోతాయి. డీవీఆర్ పేజీ తెరుచుకుందా లేదా అన్నదే లెక్క.

ఇదంతా 2.4 మీద ఒకసారి, 5 మీద ఒకసారి చేయాలి. రౌటర్ స్విచ్ ఆపి మళ్లీ వేశాక ఇంకోసారి చేయాలి. కంపెనీ బాక్సుల సెట్టింగ్స్‌ను వాళ్లు దూరం నుంచే మార్చగలరు. ఏదో అప్‌డేట్ వచ్చి మీరు పెట్టినవి మొదటికొచ్చే అవకాశం ఉంది కాబట్టి నెలకోసారైనా డీవీఆర్ అడ్రస్ కొట్టి చూసే అలవాటు పెట్టుకోండి.

6. స్పీడు, రద్దీ

నెట్ స్లో అయిందని బిల్లింగ్ అమ్మాయి గొణిగేది మధ్యాహ్నం భోజనాల వేళే. హాల్లో ఇరవై మంది వీడియోలు చూస్తుంటారు మరి. మామూలు 480పీ వీడియోకు సుమారు ఒకటిన్నర ఎంబీపీఎస్ సరిపోతుంది, ఫుల్ హెచ్‌డీకి ఐదు దాకా లాగుతుంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉంటే గెస్ట్ మొత్తానికి 40 పైన దాటకుండా బ్యాండ్‌విడ్త్ కంట్రోల్‌లో కట్టడి చేయండి. మనిషికి ఇంత అని పెట్టే వీలుంటే 3 చాలు. అప్‌లోడ్‌ను కూడా కట్టడి చేయాలి. ఎవరో ఒకరు పెళ్లి ఫొటోలన్నీ గూగుల్‌లోకి ఎక్కిస్తుంటే మీ కార్డు మెషీన్ ఇవతల తిరుగుతూ కూర్చుంటుంది. సొంత రౌటర్‌లో ఈ సౌకర్యం చాలావరకు ఉంటుంది, కంపెనీ బాక్సుల్లో అరుదు.

నెల్లూరులో లాడ్జీ నడిపేవాళ్లకు రొట్టెల పండగ రోజులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. స్వర్ణాల చెరువు దగ్గరికి వచ్చే జనంతో గదులన్నీ నిండుతాయి, పొద్దున ఖాళీ చేసిన గదిలో మధ్యాహ్నానికి ఇంకో కుటుంబం. అప్పుడు వచ్చే ఫిర్యాదు చిత్రంగా ఉంటుంది: వైఫై ఫుల్లుగా చూపిస్తుంది, ఐపీ అడ్రస్ తీసుకుంటున్నట్టు తిరుగుతూనే ఉంటుంది, కనెక్ట్ కాదు. కారణం డీహెచ్‌సీపీ, అంటే రౌటర్ ఒక్కో ఫోన్‌కు ఐపీ నంబరు ఇచ్చే పద్ధతి. రౌటర్ దగ్గర 100 నుంచి 199 దాకా వంద నంబర్లే పంచడానికి ఉన్నాయనుకోండి. ఒకసారి ఇచ్చిన నంబరును 24 గంటలు ఆ ఫోన్ పేరునే పట్టుకుని ఉంటుంది, ఆ ఫోన్ ఊరు దాటిపోయినా సరే. నూటొకటో ఫోన్‌కు ఇవ్వడానికి ఏమీ మిగలదు. డీహెచ్‌సీపీ పేజీలో లీజ్ టైమ్‌ను 120 నిమిషాలకు తగ్గించండి, నంబర్ల వరసను 20 నుంచి 250 దాకా పెంచండి. ప్రింటర్, డీవీఆర్‌లకు ముందే నంబర్లు కేటాయించి ఉంటే అవి ఆ వరసలోకి రాకుండా చూసుకోండి. అయినా చిన్న రౌటర్ ఒకేసారి ముప్పై నలభై ఫోన్లు దాటితే ఆయాసపడుతుంది, దానికి సెట్టింగ్స్‌తో వైద్యం లేదు.

ఎవరైనా అదే పనిగా సినిమాలు దించుకుంటుంటే ఆ ఫోన్‌ను బ్లాక్ చేయొచ్చు కదా అంటారు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ (వైఫైలో ఫోన్ గుర్తింపు నంబరు) చూపించకుండా దొంగ నంబరు చూపిస్తాయి. బ్లాక్ చేసినా ఆ నంబరు మార్చుకుని మళ్లీ రావడం కష్టం కాదు. పాస్‌వర్డ్ మార్చడమే సుఖం. గెస్ట్ వేరుగా ఉంది కాబట్టి మార్చినా దుకాణంలో ఒక్క మెషీన్ కూడా ఆగదు.

7. పాస్‌వర్డ్ చెప్పడం, క్యూఆర్ అంటించడం

గెస్ట్ పాస్‌వర్డ్ కనీసం ఎనిమిది అక్షరాలుండాలి, నోటితో చెప్పడానికి వీలుగా ఉండాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో చేపలపులుసు అని రాసి పక్కన రెండు మూడు అంకెలు పెడితే కస్టమర్ రెండోసారి అడగడు. లోపలి పాస్‌వర్డ్ దీనికి పూర్తి వ్యతిరేకంగా, పొడుగ్గా, అర్థం లేకుండా ఉండాలి. ఎలాగూ ఎవరికీ చెప్పేది లేదు.

క్యూఆర్ కావాలంటే గెస్ట్‌కు కనెక్టయిన ఆండ్రాయిడ్ ఫోన్లో వైఫై సెట్టింగ్స్ తెరిచి షేర్ నొక్కితే వస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి ప్రింట్ వేయించండి. పొరపాటున లోపలి వైఫై క్యూఆర్ తీసేరు, చూసుకోండి. దాన్ని గల్లా దగ్గర యూపీఐ స్టాండ్ పక్కన మాత్రం పెట్టొద్దు. జనం డబ్బులు కట్టే యాప్‌తో దాన్నే స్కాన్ చేసి, పోలేదంటూ లైన్లో నిలబడిపోతారు. టేబుళ్ల మీద, పెద్దక్షరాలతో వైఫై అని రాసి పెట్టండి. రోడ్డు మీది నుంచి కనపడే అద్దానికి వద్దు.

8. చట్టం సంగతి

లైన్ మీ పేరు మీద ఉంది. దాని నుంచి ఏ మెయిల్ వెళ్లినా, ఏ మోసం జరిగినా పోలీసులకు ముందు దొరికేది మీ అడ్రసే. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లప్పుడు బెదిరింపు మెయిల్ నవీ ముంబయిలో తాళం లేని ఒక వైఫై నుంచి వెళ్లింది. ఆ తర్వాత 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ వైఫైలను భద్రంగా పెట్టుకోవాలని ఆదేశాలిచ్చింది. పాస్‌వర్డ్ లేని గెస్ట్ వద్దన్నది అందుకే. కొట్టు మూసే వేళకు గెస్ట్ దానంతట అదే ఆగిపోయేలా షెడ్యూల్ పెట్టండి. రాత్రి పూట మెట్ల మీద కూర్చుని ఎవరు ఏం చేస్తున్నారో మీకు తెలియదు కదా.

గెస్ట్ వైపు డీఎన్ఎస్ (సైట్ పేరుకు అడ్రస్ వెతికిపెట్టే సర్వర్) మార్చే వీలుంటే 1.1.1.3, 1.0.0.3 పెట్టండి. ఇవి క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లవి, వైరస్ సైట్లను, అశ్లీల సైట్లను ఆపుతాయి. తెలిసినవాడు దాటిపోగలడు, మామూలుగా పిల్లలు కూర్చునే చోటుకు ఇది చాలు.

వైఫై ఇవ్వడానికి ఫోన్ నంబర్లు, పేర్లు రిజిస్టర్‌లో రాయించుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అక్కర్లేని సమాచారం పోగేసి నెత్తిన పెట్టుకోవడం ఎందుకు? ఇక గంటకు పది రూపాయలని నెట్ అమ్ముదామనే ఆలోచన వస్తే మామూలు కనెక్షన్ మీద అది చేయకండి. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి పద్ధతిలో చిన్న కొట్టువాళ్లు కూడా లైసెన్సు లేకుండా పబ్లిక్ వైఫై నడపొచ్చు. అది వేరే ఏర్పాటు, వేరే పరికరం.

9. కరెంటు, కొత్త సామాను, వచ్చిపోయే మెకానిక్కులు

మే నెలలో కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ లేని చోట రౌటర్‌కు మినీ యూపీఎస్ పెట్టుకోండి. అడాప్టర్ మీద 12 వోల్టులని ఉందో 9 అని ఉందో, ఎన్ని ఆంపియర్లో చూసి కొనాలి. కంపెనీ బాక్సు, సొంత రౌటర్ రెండూ ఉంటే రెండింటికీ కరెంటు కావాలి, ఒకదానికే పెట్టి నెట్ రావట్లేదనేవాళ్లున్నారు. రేకుల కింద, పొయ్యి పైన బాక్సులు బిగించొద్దు.

కొత్త మెషీన్ ఏది వచ్చినా మొదట్లో రాసుకున్న కాగితం తీసి, లోపలా గెస్టా నిర్ణయించి ఆ పక్కన రాయండి. కెమెరాలు బాగుచేసే అబ్బాయో, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అతనో వచ్చి లోపలి పాస్‌వర్డ్ అడుగుతారు. చెప్పకుండా మీరే కొట్టివ్వండి. సొంత ల్యాప్‌టాప్‌తో పని ఉందంటే గెస్ట్ ఇవ్వండి. అది చాలదంటే పనయ్యేదాకా లోపలిది ఇచ్చి, ఆయన బండి తీసి వెళ్లాక మార్చేయండి.